వేలిముద్ర: బంగారు గనులలో దాని పుట్టుపూర్వోత్తరములు

శ్రీనివాసపురం తాలూకాలోని రాయల్పాడు మొదలైన గ్రామములలో, ఇంటి మాట తెలుగును కచేరీ మాట కన్నడమునై యుండు మా కోలారు సీమలో, వేలిముద్ర యనగానే పెద్దలకు మొట్టమొదట స్ఫురించునది సాహుకారు ప్రోనోటు. అక్షరము రానివాడు బొటనవ్రేలిని సిరాలో అద్ది కాగితముపై ఒత్తుటకు వెనుక ఎంత దైన్యము కలదో వారెరుగుదురు. కాని ఆ గుర్తు చరిత్ర అంతటితో ముగియదు; అది గనులలోనికి దిగినది, సముద్రమును దాటినది.

1858లో వంగదేశమందు జంగీపురమున విలియం హెర్షెల్ అను దొర, రోడ్డు పనికి సరుకు తెచ్చి యిచ్చుటకు ఒప్పుకొన్న రాజ్యధర్ కోనాయి అను గుత్తేదారు మాట తప్పకుండునట్లు భయము పుట్టింపదలచి, వాని అరచేతి ముద్రను ఒడంబడిక పత్రముపై వేయించుకొనెను. దొంగను పట్టుకొనుటకు గాక, పని ఒప్పుకొన్నవానిని నమ్మకపోవుటవలననే ఈ విద్య మొదలైనదని గమనింపవలెను. 1897లో కలకత్తాలో దానికొక కార్యాలయ మేర్పడెను. ముద్రల వర్గీకరణమునకు శ్రమించినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోసు. పద్ధతికి పేరు మాత్రము పైయధికారి ఎడ్వర్డ్ హెన్రీది. ఆ హెన్రీయే 1900లో దక్షిణాఫ్రికాకు పోయి, బంగారు గనుల నగరమైన జోహాన్నెస్‌బర్గున పోలీసు వ్యవస్థను తీర్చిదిద్దెను.

ఆసియావారందరు పది వ్రేళ్ల ముద్రలిచ్చి పేరు నమోదు చేయించుకొని, అడిగినప్పుడెల్ల ఆ పత్రమును చూపవలెనని 1906లో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వము శాసనము తలపెట్టగా, సెప్టెంబరు 11వ తేదీన ఎంపైర్ నాటకశాలలో కూడిన భారతీయులు దానికి లోబడమని ప్రతిజ్ఞ చేసిరి. 1908 ఆగస్టు 16వ తేదీన రెండు వేలకు పైగా నమోదు పత్రములు జోహాన్నెస్‌బర్గు మసీదు ముంగిట పెద్ద కొప్పెరలో భస్మమయ్యెను. సత్యాగ్రహమను పేరు ఈ పోరాటముననే పుట్టినది. పోరాటమునకు నాయకుడైన గాంధీగారి వెంట నిలిచిన తంబినాయుడు మారిషసులో జన్మించిన తమిళుడైనను, లిపి రాకున్నను తెలుగు మాటలాడ నేర్చినవాడు. 1913లో ఆయన న్యూకాజిల్ బొగ్గు గనుల కూలీలను సమ్మెకు కదల్చెను. ఒడంబడిక గడువు తీరినవారిపై విధించిన మూడు పౌనుల పన్నును ధిక్కరించి పని మానిన ఆ జనసమూహములో, ఒడంబడికపై ఓడలెక్కి నేటాలునకు పోయిన తెలుగువారును ఉండిరి. మరుసటి యేడు ఆ పన్ను రద్దయ్యెను. నల్లజాతి శ్రామికులు వెంట నుంచుకొనవలసిన పాసులు మాత్రము రద్దు కాలేదు. ఆనాటి భారతీయోద్యమము వారిని తనలో కలుపుకొనలేదు. ఎంత గౌరవించు పోరాటమైనను ఈ కొరతను దాచుట నాకు న్యాయముగా తోచదు.

ఇక మన కోలారు బంగారు గనులు. 1880 నుండి జాన్ టేలర్ కంపెనీ నిర్వహణలో సాగిన మైసూరు, చాంపియన్ రీఫ్, ఊరుగాం, నందిదుర్గం గనులకు ఉత్తరార్కాటు, చిత్తూరు ప్రాంతములనుండి తమిళులు, తెలుగువారు కూలికై వచ్చిరి. వారిలో అధికులు ఊరి వెలికి నెట్టబడిన కులములవారు. కూలీలైన్లలోని తడికెల గుడిసె, చీకటి షాఫ్టు, రాళ్లు తమంత తామే పగిలిపడు ప్రమాదము, ఇవి వారి దినచర్య. ఇన్ని సహించిన ఆ జనము 1930 ఏప్రిలులో కూలీల నమోదునకు వేలిముద్రలు తీయబూనగానే వేలకొలది పని విడిచి, ఇంచుమించు మూడు వారములు గనులను స్తంభింపజేసిరి. ఒక గనిలో పని పోయినవాడు పేరు మార్చుకొని మరియొక గనిలో బ్రతుకవచ్చును, వ్రేలిని మార్చుకొనలేడు. నాలుగు గనులకును యాజమాన్య మొక్కటియైన చోట ఆ ముద్ర యెట్టి ఉరియగునో వారు ఎవరును చెప్పకయే గ్రహించిరి.

ఈ రెండు బంగారు సీమల కథ ఒకే యేట మరల కలిసినది. 1946 ఆగస్టు 12వ తేదీన జోహాన్నెస్‌బర్గు ప్రాంతపు బంగారు గనులలో జె.బి. మార్క్స్ అధ్యక్షుడైన గని కార్మికుల సంఘము పిలుపున అరువది వేలకు పైగా ఆఫ్రికన్ శ్రామికులు దినమునకు పది షిల్లింగుల కూలి కోరి సమ్మె కట్టగా, పోలీసులు దానిని రక్తపాతముతో అణచిరి. మూడు నెలలైనను నిండకముందే, నవంబరు 4వ తేదీన, కోలారు గనుల సమ్మెలోను తుపాకులు మ్రోగెను. ఆనాడు కూలిన కార్మికులను తలచుకొని కె.జి.యఫ్. అనబడు ఆ కోలారు గనుల పట్టణమున ఏటేట ఆ దినమున నివాళులర్పించుదురు.