శ్రోత మెచ్చిన క్షణము

ప్రసంగము ముగిసిన పిదప "బాగున్నదండీ" యను మర్యాదవాక్యము మాకు నిత్యపరిచితము. ఏ క్షణమున బాగుండెనో మాత్రము తెలియదు. దానిని పట్టుకొనుటకు అమెరికాలో పాల్ లాజర్స్‌ఫెల్డ్, ఫ్రాంక్ స్టాంటన్ ఒక యంత్రమును కల్పించిరి. రేడియో వినుచు శ్రోత నచ్చినచో ఆకుపచ్చ మీటను, నచ్చనిచో ఎఱ్ఱ మీటను నొక్కును. కదలు కాగితముపై గీత పడును.

1941 నవంబరులో న్యూయార్కున ఈ పరీక్షను చూచిన సాంఘికశాస్త్రజ్ఞుడు రాబర్ట్ మెర్టన్, తరువాత ప్రశ్నలడిగినవాడు సమాధానములను శ్రోతల నోటికి తానే అందించుచున్నాడని ఆక్షేపించెను. (మాకును ఆ దోషము లేకపోలేదు.) లాజర్స్‌ఫెల్డ్ ఆయననే అడుగుమనెను! గీత మారిన చోటు చూపి, "అప్పుడు మీకేమి తోచినది?" అని అడుగు పద్ధతి అట్లు రూపొందినది.

టెలివిజను చిత్రనాణ్యతకై 1974లో వెలువడిన అంతర్జాతీయ విధానమున ప్రేక్షకుడు ఐదు తరగతులలో నొకదానిని ఎన్నుకొనును. బొమ్మ మసకగానున్నను కంట నీరు పెట్టుకొన్నవానికి ఆ పట్టికలో గడి లేదు.