మా వంశవృక్షంలో ఒక ఖాళీ గడి

పోయినసారి మన ఇంటి మగ్గాల గురించి రాసినాము. ఈసారి ఒక ఖాళీ గడి గురించి.

వంశవృక్షాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తా ఉంటే గుడియాత్తం చిన్నవ్వ పేరు పక్కన “భర్త” అనే గడి ఖాళీగా మిగిలింది. మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. ఖాళీ గడి కనబడితే వదలలేము. పెద్దోళ్లని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. చివరికి చిన్నవ్వనే అడిగినాము. “పెండ్లయింది, మూడేండ్లు ఉన్నాను, వచ్చేసినాను. రాసుకోండి, దాంట్లో సిగ్గేముంది?” అనింది.

మేము చదివింది కన్నడ మీడియం. పుట్టింటిని కన్నడలో తవరుమనె అంటారు. ఆ మాట మీద ఎన్ని పాటలో! వాటిల్లో ఆడబిడ్డ పండగకి వస్తుంది, ఏడ్చుకుంటా పోతుంది. వచ్చి ఉండిపోయిన ఆడబిడ్డ మీద పాట మేము వినలేదు. అందుకే చరిత్రలో వెతికినాము.

మొదట దొరికిన పేరు మీకందరికీ తెలిసిందే, దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమండ్రిలో పుట్టినారు. ఎనిమిదేండ్లకే పెండ్లి చేసేసినారు. ఊహ తెలిసినాక ఆ కాపురం వద్దన్నారు. మీరు వేరే పెండ్లి చేసుకోండి అని భర్తకి చెప్పేసినారు. పుట్టింటివాళ్లు ఆమె పక్కన నిలబడినారు. అప్పట్లో హిందూ స్త్రీకి విడాకులిచ్చే చట్టమే లేదు. అంటే ఆమె బయటికి వచ్చింది చట్టం అండతో కాదు, ఇంటివాళ్ల అండతో.

ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో, 1930-33 మధ్య, ఆమె మూడుసార్లు జైలుకి పోయినారు. ఆమె ఉన్న జైళ్లలో మన వేలూరు జైలు ఒకటి. సి.ఎం.సి. ఆసుపత్రికని వేలూరు పోయే మనవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో! జైళ్లలో చట్టం తెలియక శిక్ష పడిన ఆడవాళ్లని చూసి, లా చదవాలనుకున్నారు. బయటికి వచ్చినాక బెనారస్ మెట్రిక్, ఆంధ్రా యూనివర్సిటీ బి.ఏ., మద్రాసులో లా, ఒకదాని వెనక ఒకటి పూర్తి చేసినారు. మధ్యలోనే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టినారు. తర్వాత రాజ్యాంగ సభ సభ్యురాలైనారు. 1953లో సి.డి. దేశ్‌ముఖ్‌ని పెండ్లాడినారు.

మాకు అన్నిటికంటే పెద్దగా అనిపించింది వేరే సంగతి. మొదటి భర్త 1941లో పోయినాక, ఆయన రెండో భార్య దిక్కులేకుండా అయిపోతే, ఆమెని పిలిపించి చేతిపని నేర్పించి, సొంత కాళ్ల మీద నిలబెట్టింది దుర్గాబాయే.

ఇంక చట్టం సంగతి. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చిందని అందరికీ తెలుసు. మన మద్రాసు రాష్ట్రంలో అంతకంటే ముందే, 1949లోనే, రెండో పెండ్లిని ఆపి విడాకులకి దారిచ్చిన చట్టం వచ్చింది. వేలూరు, గుడియాత్తం అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. ఇక్కడి ఆడవాళ్లకి దేశంలో చాలామంది కంటే ఆరేండ్లు ముందే ఆ హక్కు వచ్చిందన్నమాట. 

మరి చిన్నవ్వ కోర్టుకి పోలేదు కదా? 1968లో కులపెద్దల ముందర తెగదెంపులు అయినాయి. “కాగితం లేదు, దాన్ని విడాకులు అని ఎట్ల రాస్తారు?” అని మనలోనే ఒకరు అడిగినారు. జవాబు 1955 చట్టంలోనే ఉంది. ఆచారం ప్రకారం వచ్చే విడాకుల హక్కుని 29వ సెక్షన్ అట్లే ఉంచింది. ఆ ఆచారం నిజంగా ఉందని చూపించగలిగితే చాలు. మగ్గం పని చేసే కులాల్లో చాలాచోట్ల ఈ ఆచారం పాతదే. కాబట్టి చిన్నవ్వది ‘లేచి వచ్చేయడం’ కాదు, విడాకులే.

వచ్చినాక మొదట లుంగీల మగ్గాలకి కండెలు చుట్టింది. చుట్టుపక్కల ఆడవాళ్లు అగ్గిపెట్టెలు అంటించేవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు. మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్లు తక్కువ కాలంలో పరీక్ష రాసేదానికి 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు సంక్షిప్త కోర్సులు మొదలుపెట్టింది. ఆ బోర్డు మొదటి అధ్యక్షురాలు దుర్గాబాయే. చిన్నవ్వ అట్లాంటి కోర్సులోనే చదివి, బాలవాడి టీచరైంది. ఆమె జీతంతో ఇద్దరు తమ్ముళ్ల చదువు సాగింది. ఆ తమ్ముళ్ల పిల్లలం, మనవళ్లం మేము.

వైకాసి ఒకటో తేదీన గుడియాత్తంలో గంగమ్మ శిరసు ఊరేగుతుంది. భర్త మాటకి తల తెగిన రేణుకమ్మ కథ అది. ఆ తలకి ఊరంతా దండం పెడతాము. మన ఇంట్లో తలెత్తుకుని తిరిగొచ్చిన మనిషి పక్కన మాత్రం ఇన్నేండ్లు గడి ఖాళీగా పెట్టినాము.

ఇప్పుడు నింపినాము: “పెండ్లి 1965. విడాకులు 1968. బాలవాడి టీచరు.” మూడో మాట చేర్చమన్నది చిన్నవ్వే. మీ ఇండ్లల్లో ఇట్లాంటి ఖాళీ గడులుంటే, ముందు ఆ మనిషినే అడగండి. ఒప్పుకుంటే రాయండి.