పత్రికలును పక్షపాతమును: చెన్నపట్టణపు పూర్వకథ

పత్రికలు మనయెడ సమదృష్టి చూపుట లేదను మాట ఇట్టి సభలలో తఱచు వినవచ్చును. అది క్రొత్తమాట కాదు.

ముత్తుస్వామి అయ్యరుగారు చెన్నపురి హైకోర్టు న్యాయమూర్తిగా నియమింపబడినపుడు ఆంగ్లేయుల పత్రికలు ఆక్షేపించెను. బదులు చెప్ప దేశీయులకు బలమైన పత్రిక లేకుండెను. అంతట జి. సుబ్రహ్మణ్య అయ్యరు మొదలగు ఆర్గురు యువకులు అప్పుదెచ్చి 1878లో 80 ప్రతులతో ‘హిందూ’ను స్థాపించిరి.

38 ఏండ్లు గడచెను. 1916 డిసెంబరులో పిట్టి త్యాగరాయ సెట్టిగారు బ్రాహ్మణేతరుల ప్రకటనను వెలువరించిరి. అందలి బలము లెక్కలది. 1892 మొదలు 1904 వఱకు సివిలు సర్వీసు పోటీ పరీక్షలలో నెగ్గిన 16 మందిలో 15 మంది బ్రాహ్మణులని కార్డ్యూ దొర 1913లో సాక్ష్యమిచ్చియుండెను. ‘హిందూ’ ఆ ప్రకటనను విమర్శించెను. విమర్శించుట తప్పని మేమనము. కాని యిట్టి వేళల ఇరువాదములను ప్రక్కప్రక్కన ముద్రించుటయే ధర్మమని కొందఱందురు. పదునైదును ఒకటియు అభిప్రాయములా? లెక్క తప్పయిన తప్పని చూపవలెను, ఒప్పయిన నొప్పుకొనవలెను. రెండును మాని ‘ఉభయపక్షముల వాదము’ అని విడుచుట తక్కెడ సరిచూడక తూచుటయే.

1917 ఫిబ్రవరిలో టి.ఎం. నాయరుగారి సంపాదకత్వమున ‘జస్టిస్’ పుట్టెను. అరవమున ‘ద్రావిడన్’, తెలుగున పార్థసారథి నాయుడుగారి ‘ఆంధ్రప్రకాశిక’ తోడయ్యెను. సొంతపత్రిక కలిగినంతనే పక్షపాతము తొలగునా? 1921లో బకింగ్‌హాము కర్నాటకు మిల్లుల సమ్మెనాడు ప్రభుత్వోద్యోగులు ఆదిద్రావిడులను గారాబము చేయుచున్నారని వ్రాసినది ఈ ‘జస్టిస్’ పత్రికయే. ఆ పేదల మొఱ వినిపింప వారికి దినపత్రిక లేదు. 1923లో వారి నాయకులు ఎం.సి. రాజాగారు ఆ పక్షమును వీడిరి.