టెక్స్ట్ ఫైలు లాగిన్ (పైథాన్)

టెక్స్ట్ ఫైలునే ఖాతా పుస్తకంగా వాడి యూజర్‌నేమ్, పాస్‌వర్డు సరిచూసే చిన్న పైథాన్ ప్రోగ్రామ్. వరుసకొక యూజర్, పేరుకూ పాస్‌వర్డుకూ మధ్య కోలన్. ఫైలును వరుసవారీగా చదివి, స్ప్లిట్‌తో విడదీసి పోలుస్తారు. వరుస చివరి న్యూలైన్‌ను స్ట్రిప్‌తో తీసేయడం మరిస్తే సరైన పాస్‌వర్డూ తప్పుగానే తేలుతుంది. కొత్తవాళ్లు తల పట్టుకునేది ఇక్కడే.

అసలు ప్రమాదం పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచడం. 1966లో ఎంఐటీలోని సీటీఎస్ఎస్ వ్యవస్థలో రెండు ఫైళ్లు తారుమారై, లాగిన్ అయినవారికి రోజువారీ సందేశం బదులు అందరి పాస్‌వర్డులూ కనిపించాయి. అందుకే ఒక్కో యూజర్‌కు వేరే సాల్ట్ (యాదృచ్ఛిక అక్షరాల ముక్క) కలిపి, పైథాన్ హ్యాష్‌లిబ్ మాడ్యూల్‌లోని ఎస్‌క్రిప్ట్ వంటి, కావాలనే నెమ్మదిగా నడిచే ఫంక్షన్ ఇచ్చిన, వెనక్కి తిప్పలేని హ్యాష్‌నే ఫైల్లో రాయాలి. వేగంగా నడిచే ఎండీ5 హ్యాష్ ఇందుకు పనికిరాదు. టైపు చేసేది తెరపై కనబడకుండా గెట్‌పాస్ మాడ్యూల్ చూసుకుంటుంది. ఒకేసారి ఇద్దరు రిజిస్టరైతే ఫైలు చెడిపోవచ్చు; అక్కడ ఎస్‌క్యూలైట్ డేటాబేస్ మేలు.