శాంతిస్వరూప్ - తెలుగు వార్తాపఠనం

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రాన్ని 1977 అక్టోబరు 23న అప్పటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి ప్రారంభించారు. అయితే అక్కడి నుండి తెలుగులో వార్తలు వినడానికి మరో ఆరేళ్ళు పట్టింది. 1983 నవంబరు 14న తొలి తెలుగు వార్తలు చదివినవారు శాంతిస్వరూప్. 2011లో పదవీ విరమణ చేసి, 2024 ఏప్రిల్ 5న హైదరాబాదులో కన్నుమూశారు.

ఆయన వృత్తిని అంచనా కట్టాలంటే ముందుగా రేడియో సంగతి చూడాలి. 1938లో మద్రాసులో ఆకాశవాణి కేంద్రం వెలిసింది. 1948లో విజయవాడ కేంద్రం వచ్చింది. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. ఢిల్లీ నుండి వెలువడే తెలుగు వార్తలను ఈ కేంద్రాలు అందుకొని ప్రసారం చేసేవి. ఢిల్లీలో వార్తలు ముందు ఇంగ్లీషులో తయారయ్యేవి. తెలుగు విభాగంలో చదివే మనిషే అనువాదకుడు కూడా. గడియారం ముందు కూర్చొని తెలుగు చేసి, ఆ కాగితమే చదవాలి. ఆ విభాగంలో తొలి మహిళ జోలెపాళెం మంగమ్మ. తెలుగు అచ్చు పుస్తకాల చరిత్రపై 1975లో వెలువడిన ఆమె ఇంగ్లీషు గ్రంథాన్ని మన విద్యార్థులు తప్పక చూడాలి.

రేడియోలో కాగితం మీద నుండి కన్ను ఎత్తనక్కరలేదు. దూరదర్శన్‌లో ఎత్తాలి. తొలి రోజుల్లో ప్రాంప్టర్ లేదు. సుమారు పదేళ్ళపాటు శాంతిస్వరూప్ వార్తల ప్రతిని ముందుగా కంఠస్థం చేసి, కెమెరా వైపు చూస్తూ చెప్పేవారు. పేర్లు, అంకెలు, తేదీలు అన్నీ జ్ఞాపకం నుండే రావాలి. కంఠస్థం చేసిన వాక్యం ఎక్కడ విరగాలో చెప్పేవాడికి ముందే తెలిసి ఉంటుంది. ఆ నిదానానికి అదే కారణమని మా అభిప్రాయం.

రాష్ట్రం వెలుపలి తెలుగువారికి మాత్రం ఈ ముఖం చాలా ఆలస్యంగా పరిచయమైంది. రేడియో మీడియం వేవ్ తరంగాలు రాత్రివేళ ఎత్తయిన వాతావరణ పొరలకు తగిలి వందల మైళ్ళు వెళతాయి. టెలివిజన్ తరంగం ఇంచుమించు కంటిచూపు మేర మాత్రమే పోతుంది. కనుక బరంపురం, హోసూరు, బళ్ళారి వంటి ఊళ్ళకు చాలాకాలం తెలుగు వార్త అంటే గొంతే. యానాం చుట్టూ ఆంధ్రదేశమే కాబట్టి ఆ ఊరి లెక్క వేరు. 1990లలో ఉపగ్రహ ప్రసారాలు వచ్చాకనే ఈ దూరం తగ్గింది.

ఈ ఆలస్యాన్ని మేము చిన్న విషయంగా తలచడం లేదు. ఇంటి తెలుగులో వంట, పెళ్ళి, పొలం, తగాదా ఉంటాయి. ద్రవ్యోల్బణం, అవిశ్వాస తీర్మానం ఉండవు. బడిలో ఆ మాటలు కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో నేర్చుకుంటాం. ద్రవ్యోల్బణాన్ని తమిళులు పణవీక్కం అంటారు, కన్నడిగులు హణదుబ్బర అంటారు. ఇలా మాటే వేరైతే నేర్చుకోవచ్చు. ఒకేలా వినిపించే మాటతోనే చిక్కు. ప్రభుత్వం అవసరమైన చర్యలు తీసుకుంటుందని వార్తల్లో చెబితే, తమిళ, కన్నడ బడుల్లో చదివిన పిల్లవాడికి తొందరపాటు చర్యలని తోచవచ్చు, ఆ భాషల్లో అవసరమంటే తొందర కనుక. బరంపురం విద్యార్థికి ఉపన్యాసమంటే నవల. వార్తాపాఠకుడు ఇటువంటి మాటలను రోజూ, నిండు వాక్యంలో, స్పష్టంగా పలకడం వల్ల అర్థం చెవిలోనే సర్దుకుంటుంది. నిఘంటువు చేయలేని పని అది.

1995లో ఈటీవీ, 2004లో టీవీ9 వచ్చాక వార్తల వేగం మారింది. వాక్యం ముక్కలైంది, ఇంగ్లీషు పెరిగింది. శాంతిస్వరూప్ వేగం పెంచలేదు. దూరదర్శన్ పద్ధతిలోనే 2011 దాకా సాగారు. ఆయన సతీమణి రోజారాణి కూడా అదే కేంద్రంలో వార్తలు చదివారు.

ఆయన నవలలూ రాశారు. భోపాల్ విషవాయు దుర్ఘటన మీద రాసిన 'రాతిమేఘం' వాటిలో ఒకటి. 1984 డిసెంబరులో ఆ దుర్ఘటన జరిగేనాటికి ఆయన వార్తలు చదవడం మొదలై ఏడాది దాటింది.