కుక్క ఒంట్లో రక్తం: ప్లీహం, రక్తనాళాల సర్దుబాటు

బండి తగిలిన కుక్క లేచి నడిస్తే గండం గడిచిందనుకుంటాం. లోపల రక్తం కారుతున్నా ఆ సంగతి కొంతసేపు బయటపడకపోవచ్చు. ప్లీహం, రక్తనాళాలు కలిసి లోటును కప్పిపుచ్చడమే అందుకు కారణం.

ఎంత రక్తం: కుక్కకు కిలో బరువుకు సుమారు 80-90 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. తమిళనాడులో స్థిరపడ్డ తెలుగు రాజులు పెంచిన రాజపాళయం వేటకుక్క 25 కిలోలుంటే, దాని ఒంట్లో రెండు లీటర్లకు పైగా రక్తం ఉంటుందన్నమాట.

ప్లీహం: పొట్టలో ఎడమవైపు నాలుకలా పొడవుగా ఉంటుంది. మనిషి ప్లీహంకన్నా ఇందులో కండరం ఎక్కువ, నిల్వా ఎక్కువ. మొత్తం రక్తంలో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా, అదీ ఎర్ర కణాలతో చిక్కగా ఉన్నదాన్ని, దాచుకోగలదు. పరుగు, భయం, నొప్పి, రక్తస్రావం కలిగినప్పుడు ముడుచుకుని ఆ నిల్వను బయటికి నెడుతుంది. కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జోసెఫ్ బార్‌క్రాఫ్ట్ 1920లలో కుక్కల్లో ఈ ముడుచుకోవడాన్ని పరిశీలించారు.

రక్తనాళాలు: ఇవి బిగుసుకుంటే రక్తం పెరగదు, ఉన్నదే సర్దుబాటవుతుంది. సగానికి పైగా రక్తం సిరల్లోనే ఉంటుంది. అవి బిగిస్తే గుండెకు చేరే రక్తం పెరుగుతుంది. చర్మం, పేగుల చిన్న ధమనులు బిగిస్తే మెదడుకు, గుండెకు లోటు రాకుండా ఉంటుంది.

రక్తపరీక్ష: ఎర్ర కణాల పాలు మామూలుగా 37-55 శాతం. రక్తం పోయిన కొత్తలో ప్లీహం నిల్వ వల్ల ఈ అంకె బాగానే కనిపిస్తుంది. కొన్ని గంటల్లో ఒంట్లోని నీరు రక్తంలో కలిశాక పడిపోతుంది. అందుకే డాక్టర్లు ప్రోటీన్ కూడా చూసి, పరీక్ష మళ్లీ చేయిస్తారు. ఎసిప్రోమజైన్ వంటి మత్తుమందుతో ప్లీహం వదులై, రక్తం పోకుండానే అంకె తగ్గవచ్చు.

ఇంట్లో చూడాల్సినవి: చిగురును వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. చిగుళ్లు నల్లగా ఉండే కుక్కకైతే కింది కనురెప్ప లోపల ఎరుపు చూడండి. పాలిపోవడం, కాళ్లు చల్లబడటం, గుండె వేగంగా కొట్టుకోవడం, పొట్ట ఉబ్బడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇవేవీ లేకున్నా, గట్టి దెబ్బ తగిలితే అదే రోజు చూపించడం మంచిది.

ప్లీహం తీసేసిన కుక్కలు బతుకుతాయి కానీ వాటికి ఈ నిల్వ ఉండదు. పిడుదుల వల్ల వచ్చే బెబీసియా జ్వరమూ వాటికి ఎక్కువ ప్రమాదం. ఆ ఆపరేషన్ సంగతి ప్రతి డాక్టరుకూ ముందే చెప్పాలి.