ఇంట్లోనే కారు బ్రేక్ ప్యాడ్లు మార్చుకోవడం: చేయగలిగినవి, చేయకూడనివి

మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, వెనుక చక్రాలకు డ్రమ్ బ్రేకులు ఉంటాయి. పనిముట్లు, ఓపిక ఉన్నవారు ముందు ప్యాడ్లను ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు. అయితే ఇందులో పొరపాటు జరిగితే ప్రాణాల మీదికి వస్తుంది కాబట్టి ఎక్కడ ఆగాలో ముందే తెలిసి ఉండాలి.

ఎప్పుడు మార్చాలి?

కొత్త ప్యాడ్ మీది రాపిడి పొర సుమారు 10 మి.మీ. మందం ఉంటుంది. అది 3 మి.మీ.కి అరిగితే మార్చే సమయం వచ్చినట్టే. చాలా ప్యాడ్లకు ఒక ఇనుప రేకు ఉంటుంది. పొర అరిగాక అది డిస్కుకు తగిలి కీచుమంటుంది. గర్రుమని ఇనుము గీసుకుంటున్న చప్పుడు వస్తే అప్పటికే ఆలస్యమైనట్టు, డిస్కును కూడా చూడాలి. డిస్కు ఎంతవరకు అరగవచ్చో చాలా కార్లలో దాని మీదే చెక్కి ఉంటుంది.

పని క్రమం

1. కారును చదునైన గట్టి నేల మీద ఆపి, గేరులో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. వెనుక చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం పెట్టండి. చక్రం నట్లను నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేయండి. జాకీతో లేపాక స్టాండు పెట్టండి. జాకీని మాత్రమే నమ్మి పని చేయవద్దు.
2. ఒకసారి ఒక చక్రమే విప్పండి. సందేహం వస్తే రెండోవైపు చూసుకోవచ్చు.
3. కాలిపర్ బోల్టు విప్పి పైకెత్తి, తీగతో కట్టండి. గొట్టానికి వేలాడనివ్వవద్దు.
4. దుమ్మును నోటితోగానీ గాలితోగానీ ఊదవద్దు. పాత ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. తడి గుడ్డతో తుడవండి.
5. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత వదులు చేసి, పిస్టన్‌ను మెల్లగా లోపలికి నెట్టండి. ఆయిల్ పైకి వస్తుంది, పొంగనివ్వవద్దు. పెయింటు పాడవుతుంది.
6. కాలిపర్ జారే పిన్నులను శుభ్రం చేసి బ్రేక్ గ్రీజు రాయండి. యానాం వంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇవి తుప్పుపట్టి బిగుసుకుంటాయి. ప్యాడ్ ముఖానికి, డిస్కుకు మాత్రం గ్రీజు అంటకూడదు.
7. రెండు చక్రాలకూ కొత్త ప్యాడ్లే వేయండి. మాన్యువల్ చెప్పిన బిగువుకే బోల్టులు బిగించండి.

పని ముగిసేదాకా పెడల్ ఎవరూ తొక్కవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి.

మరవకూడని పని

పిస్టన్ వెనక్కి వెళ్లింది కాబట్టి ప్యాడ్‌కు, డిస్కుకు మధ్య ఖాళీ ఉంటుంది. మొదటిసారి తొక్కితే పెడల్ నేల దాకా దిగిపోతుంది, బండి ఆగదు. గేటు ముందే ప్రమాదం జరగడానికి ఇది చాలు. ఇంజిన్ వేయకముందే పెడల్ గట్టిపడేదాకా పలుమార్లు తొక్కండి. ఆయిల్ మట్టం చూసి మూత బిగించండి. నడక వేగంలో పరీక్షించాకే రోడ్డెక్కండి. మొదటి 200–300 కి.మీ. అవసరమైతే తప్ప గట్టి బ్రేకు వేయవద్దు.

మెకానిక్‌కే వదలాల్సినవి

పెడల్ మెత్తగా దిగడం, ఆయిల్ కారడం, ఏబీఎస్ దీపం వెలిగి ఉండడం, బండి ఒక పక్కకు లాగడం: ఇవి ప్యాడ్లు మారిస్తే తీరుతాయని అనుకోవద్దు. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న వెనుక చక్రాలనూ ముట్టవద్దు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీల దాకా పడిపోవచ్చు. ఊటీ నుంచి మేట్టుపాళయం దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడితే ఆయిల్ మరిగి పెడల్ పనిచేయకుండా పోవచ్చు. ఘాట్ దిగుతున్నప్పుడు చిన్న గేరులో ఉండండి. సాధారణంగా రెండేళ్లకోసారి, లేదా మాన్యువల్ చెప్పినట్టు, ఆయిల్ మార్పించుకోండి.